వేలిముద్రకూ చేవ్రాలికీ నడుమ

(ప్రసంగ పాఠం)

పెద్దవారికి చదువు నేర్పవలెనని సభలలో చెప్పినప్పుడు కాదనేవారు ఎవరూ కనిపించరు. సభ ముగిసి, ఇంటికి వచ్చి అరుగు మీద చేరగిలబడిన తరువాతనే అసలు మాట బయటికి వస్తుంది: "అరవై ఏండ్ల ముసలమ్మకు ఇప్పుడు ఓనమాలు నేర్పి ఏమి సాధిస్తారయ్యా? ఆమె ఉద్యోగం చేయవలెనా, ఊళ్ళు ఏలవలెనా?" ఈ మాట అనేవారు దుర్మార్గులు కారు. ఒప్పుకొనవలసిన సంగతి గనుక మొదటనే చెబుతున్నాను. విశ్వవిద్యాలయంలో పట్టా పుచ్చుకొని వచ్చిన కొత్తలో నేనూ ఆ మాట అన్నవాడినే. నాకు జవాబు దొరికినది పుస్తకాలలో కాదు. మా అల్లూరులో, ఒక రొయ్యల గుంట కాగితం దగ్గర. ఆ కథకు ముందు కొంచెం వెనుకకు పోవలె.

నెల్లూరు జిల్లాలో సముద్రానికి చేరువగా ఉన్న ఊరు అల్లూరు. ఒకవంక వరి కయ్యలు, మరొకవంక ఇసకపల్లి దిక్కున ఉప్పు మడులు, ఆవల బంగాళాఖాతం. నాటు వేయడానికి గాని, ఉప్పు తీయడానికి గాని, వల లాగడానికి గాని అక్షరంతో పని లేదని మా పెద్దల నమ్మకం. నిజమే. ఆకాశపు రంగు చూసి రేపటి గాలి చెప్పగల పట్టపు పెద్దను, అరచేతిలో నాలుగు గింజలు పోసుకొని పంట మంచిచెడ్డలు చెప్పగల సేద్యగానిని 'ఏమీ తెలియనివారు' అనడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు. వారికి లేనిది ఒక్కటే. తూకం వారి కళ్ళ ఎదుటనే జరిగేది. ఆ తూకాన్ని కాగితం మీదికి ఎక్కించే చేయి మాత్రం ఎప్పుడూ మరొకరిది. చీటీలో ఎంత వ్రాసినదీ వ్రాసినవాడికే తెలియవలె.

1988 మే నెలలో కేంద్ర ప్రభుత్వం జాతీయ సాక్షరతా మిషన్‌ను ప్రారంభించినది. 1990 ఫిబ్రవరిలో కేరళలోని ఎర్నాకుళం, దేశంలో మొట్టమొదటి సంపూర్ణ అక్షరాస్యత గల జిల్లాగా ప్రకటింపబడినది. అది చూసి ఉత్సాహంతో కదిలిన జిల్లాలలో మన నెల్లూరు ఒకటి. ఇక్కడి ఉద్యమానికి 'అక్షరదీపం' అని పేరు. ఆ రోజుల పరిస్థితి తెలియడానికి ఒక్క అంకె చాలు: 1991 జనాభా లెక్కలలో ఆంధ్రప్రదేశ్ మొత్తానికి అక్షరాస్యులు 44 శాతం, స్త్రీలలో 33 శాతానికి లోపు. అనగా ముగ్గురు స్త్రీలలో ఇద్దరికి తమ పేరు తమకే కాగితం మీద కనిపించేది కాదు.

నాకు అప్పటికి పదేండ్లు. మా అక్క పదవ తరగతి ముగించి, జీతం లేని పంతులమ్మగా పేరు ఇచ్చినది. రాత్రి కూడు తిని, గిన్నెలు కడిగి, పిల్లలను పండబెట్టి వీధిలోని స్త్రీలు రామమందిరం ముందుకు వచ్చేవారు. మగవారు తక్కువ; వచ్చిన నలుగురైదుగురు కూడా వెనుక గోడ దగ్గర బీడీ ముట్టించుకొని, చూడడానికి వచ్చినట్లు కూర్చునేవారు. కరెంటు పోయినప్పుడు లాంతరు పట్టుకొనడం నా ఉద్యోగం.

వారికి వచ్చిన మొదటి కష్టం అక్షరం కాదు, బలపం. పొద్దంతా నారు పీకి, నాటు వేసి, మొద్దుబారిన వేళ్ళ మధ్య బలపం పుటుక్కున విరిగిపోయేది. ఒకామె ఒక్క రాత్రి నాలుగు బలపాలు విరిచినది. నేను పకపక నవ్వితే, అక్క నా నెత్తిన మొట్టి, "నువ్వు ఒక్కపూట నాటు వెయ్యి, నీ వంకరసాళ్ళకు వాళ్ళు నవ్వుతారు" అన్నది. ఆ బలపాలు విరిచిన ఆమెనే ఈ ప్రసంగంలో అవ్వ అంటాను. పేరు చెప్పవద్దని ఆమె కోరినది.

ఆనాటి వాచకాలలో ఒక విశేషం ఉన్నది. అకారాది క్రమంతో మొదలు పెట్టక, చదివేవారి నోట రోజూ నలిగే మాటతో మొదలు పెట్టి, ఆ మాట నుంచి అక్షరాలను విడదీసి చూపేవారు. పాఠాలు కూడా కాకమ్మ కథలు కావు. 'సీతమ్మ కథ' అని ఒక పాఠం ఉండేది. సారా మరిగిన మగడు, చేతికి అందని కూలి డబ్బు, పస్తులున్న ఇల్లు - ఇదీ కథ. మా అక్క ఆ పాఠం చదివి వినిపించిన రాత్రి మందిరం ముందర ఎవరూ మాట్లాడలేదు. వెనుక గోడ దగ్గరివారు ఒక్కొక్కరే లేచిపోయినారు. చిన్నవాడిని, నాకు అప్పుడు అర్థం కాలేదు.

మా ఊరికి పడమరగా, మెట్టప్రాంతంలో, కలిగిరి మండలంలో దూబగుంట అనే చిన్న పల్లె ఉన్నది. అక్కడ చదువు కేంద్రాలకు వచ్చిన స్త్రీలు 1991-92లో సారాకొట్టు మీదికి నడిచి దానిని మూయించినారు. వర్ధినేని రోశమ్మ పేరు అప్పుడే దేశానికి తెలిసినది. ఆ పల్లె స్త్రీలు చేసిన పని 'ఆడవాళ్ళు ఏకమైతే' అనే పాఠంగా తరువాతి వాచకంలో అచ్చుపడి, జిల్లా అంతటా ఇతర స్త్రీల చేతికి వచ్చినది. పాఠం చదివినవారు మరొక పాఠానికి కథ అయినారు! జిల్లాలో సారా వేలంపాటలు మళ్ళీ మళ్ళీ వాయిదా పడినవి. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలోను, అదే సంవత్సరం అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధింపబడినది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమే వచ్చినది. 1997లో అది సడలిపోయినది కూడా. ఆ చరిత్ర వేరే ప్రసంగానికి సరిపడినంత ఉన్నది.

అక్షరాలే ఈ ఉద్యమాన్ని పుట్టించినవి అంటే అతిశయోక్తి. దెబ్బలూ పస్తులూ అంతకు ముందు నుంచీ ఉన్నవి. సందులకొకటిగా తిరిగే సారా ప్యాకెట్లు ఆ స్త్రీలకు చదువు లేకుండానే బాగా తెలుసు. కాని ప్రతి ఇంటిలోనూ ఒక్కొక్కతె 'ఇది నా తలవ్రాత' అనుకొని మూసిపెట్టుకొన్న సంగతి అచ్చులో కనిపించేసరికి, అది పదిమంది సంగతి అయినది. రాత్రిపూట పదిమంది ఆడవారు ఒకచోట కూర్చొనడానికి చదువు ఒక మర్యాదగల కారణం కల్పించినది. ఈ రెండవ సంగతిని పండితులు అంతగా పట్టించుకొనరు గాని, లాంతరు పట్టినవాడిని గనుక నేను చెప్పగలను.

ఇది మన జిల్లా మాత్రమే కనిపెట్టిన మర్మం కాదు. 1963లో బ్రెజిల్ దేశంలోని ఆంజికోస్ అనే ఊరిలో పావులో ఫ్రెయిరే అనే అధ్యాపకుడు సుమారు 300 మంది శ్రమజీవులకు 40 గంటలలో చదువు నేర్పే ప్రయోగం చేసినాడు. ఆయన పద్ధతిలో ఇటుక మోసేవారికి 'ఇటుక' అన్న మాటే మొదటి పాఠం. ఆ ఇటుక ఎవరు చేసినారు, ఏ ఇంటికి పోయినది, నీ ఇంటికి ఎందుకు రాలేదు అనే చర్చతో అక్షరం నడిచేది. మరుసటి సంవత్సరం అక్కడ సైనిక ప్రభుత్వం రాగానే ఆయనను చెరసాలలో పెట్టి, దేశం విడిచిపోయేటట్లు చేసినారు. ఓనమాలు నేర్పినవాడిని చూసి భయపడినారంటే ఆ ఓనమాలు ఉత్తవి కావన్నమాట! అంతకు రెండేండ్ల ముందు, 1961లో, క్యూబాలో లక్షమందికి పైగా బాలబాలికలు బడులు విడిచి, లాంతర్లు పట్టుకొని కొండపల్లెలకు వెళ్ళి పెద్దలకు చదువు చెప్పినారు. ఏడు లక్షలమంది ఆ ఒక్క సంవత్సరంలో చదవడం నేర్చుకొన్నారు. అన్ని సముద్రాల ఆవల కూడా లాంతరే గుర్తు కావడం నాకు ఎంతో సంతోషం కలిగించిన విషయం.

ఇంతవరకు చెప్పినది ఆరోహణ. అవరోహణ కూడా చెప్పకపోతే ఈ ప్రసంగం ప్రచారం అవుతుంది.

ఉద్యమం వెళ్ళిపోయినది. వాచకాలు ముగిసినవి. మా అక్కకు పెళ్ళయి వెళ్ళిపోయినది. మందిరం ముందు మళ్ళీ పేకాట వచ్చినది. నేర్చుకొన్నవారికి ఆ తరువాత చదువుకొనడానికి ఊరిలో ఏమున్నది? పెద్ద అక్షరాలతో, వారి మాటలతో, వారి పనులను గురించి వ్రాసిన పుస్తకం చేతికి రాలేదు. నీరు పెట్టని నారుమడి లాగున అక్షరాలు ఎండిపోయినవి. నేను చదువు ముగించి తిరిగి వచ్చేనాటికి, ఒకనాడు రామమందిరం ముందర పలక మీద పేరు వ్రాసి మురిసిన ఆడవారే బ్యాంకులో మళ్ళీ సిరా దిండు మీద బొటనవ్రేలు అద్దుతున్నారు. అప్పుడు నేను అన్న మాట ఇదే: "ఏమి సాధించినారు?"

ఇందులో చిత్రం ఏమంటే, ఈ సంగతి మన పెద్దలకు ఎప్పుడో తెలుసు. 1914లోనే బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధులు సభ తీర్చినారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు గ్రంథాలయాన్నీ వయోజన విద్యనూ ఒకే బండికి కట్టిన రెండు ఎద్దులుగా చూసినవారు. కృష్ణా కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపి, పల్లె పల్లెకూ పుస్తకాన్ని తీసుకొనిపోయిన జాతి మనది. చదవడం నేర్పడం సగం పని, చదవడానికి ఇవ్వడం మిగిలిన సగం అని ఇంత స్పష్టంగా తెలిసినవారి బిడ్డలం, మనమే మొదటి సగం చేసి చేతులు దులుపుకొన్నాము.

ఇక రొయ్యల గుంట కాగితం సంగతి.

2009లో మన దేశంలో వనామీ రొయ్య పెంపకానికి అనుమతి లభించిన తరువాత, మా తీరం వెంబడి భూముల మీద మళ్ళీ అందరి కళ్ళూ పడినవి. వరి పండని చౌడు తునక కూడా గుంట తవ్వితే బంగారం అన్నారు. అవ్వకు అత్తవారి వైపు నుంచి వచ్చిన అరవై సెంట్లు ఉన్నది. మగడు అప్పటికి లేడు. కొడుకు కువైటులో. పొరుగూరి నుంచి వచ్చిన ఒక ఆసామి ఆ తునకను మూడేండ్ల కౌలుకు అడిగినాడు. మాట కుదిరినది. అతడు కాగితం వ్రాయించి తెచ్చినాడు. సంక్రాంతికి ఊరికి పోయిన నేను ఆ పూట వారి పంచలోనే ఉన్నాను. కాగితం నాకు చూపుమని నాకు తోచలేదు. కౌలు కాగితమే గదా, అందరూ తెలిసినవారే గదా అనుకొన్నాను. సిరా దిండు తెరిచి ఉన్నది.

అవ్వ కాగితం అందుకొన్నది. కళ్ళకు దగ్గరగా ఒకసారి, దూరంగా ఒకసారి పట్టుకొని చూసినది. వ్రేలు పెట్టి ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కొంటున్నది. ఆసామి నవ్వి, "ఏందవ్వా, పరీక్షకు పోతావా?" అన్నాడు. ఆమె వ్రేలు ఒకచోట ఆగినది. నన్ను పిలిచి, "అబ్బయ్యా, కౌలు అంటే 'క'కు ఔత్వం గదా ఉండాల? ఇక్కడ 'క' కింద ఇదేందో తగిలించినాడే?" అని అడిగినది.

నేను వంగి చూసినాను. అక్కడ ఉన్నది 'క్రయం'.

దానికి అర్థం ఆమెకు నేనే చెప్పవలసి వచ్చినది. ఆసామి, వ్రాసినవాడి పొరపాటు అన్నాడు. కావచ్చు, అతని మనసులో ఏమున్నదో నేను చెప్పలేను. కాగితం మడిచి జేబులో పెట్టుకొని వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. అరవై సెంట్లు ఈనాటికీ ఆమె పేరనే ఉన్నది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పట్టా ఉన్నవాడిని, మాట్లాడి బ్రతికేవాడిని, పక్కనే కూర్చొని చదవలేదు. చదవడం అరకొరగా వచ్చిన మనిషి చదివినది. అందరూ మరచిపోయిన అక్షరాలు ఈమెకు ఎట్లా మిగిలినవి అని మరునాడు అడిగినాను. జవాబు విని నాకు సిగ్గు కలిగినది. ఆమె బస్సుల మీద పేర్లు చదివేది. గోడల మీద ఎన్నికల వ్రాతలు చదివేది. ఎరువు సంచుల మీద, మాత్రల డబ్బాల మీద ఉన్నవి చదివేది. కిరాణాకొట్టులో పొట్లం కట్టి ఇచ్చిన పాత పత్రిక ముక్కను పారవేయక ముందు ఒకసారి చదివేది. కథ సగంలో తెగిపోతే మిగిలినది తానే ఊహించుకొనేది. ఊరు ఇవ్వని గ్రంథాలయాన్ని ఆమె ఇరవై ఏండ్లు చెత్తలో నుంచి ఏరుకొన్నది.

సంతకం వచ్చినవారిని అక్షరాస్యులుగా లెక్కవేసి సంతోషించే అలవాటు మనకు ఉన్నది. అది తగదు. దైనందిన జీవితానికి సంబంధించిన ఒక చిన్న వాక్యాన్ని అర్థం చేసుకొంటూ చదవగలవారు, వ్రాయగలవారు మాత్రమే అక్షరాస్యులని యునెస్కో 1958లోనే నిర్వచించినది. సంతకం మాత్రమే నేర్చినవాడికి వేలిముద్ర వేసేవాడి కంటె ప్రమాదం ఎక్కువని నా అభిప్రాయం. వేలిముద్ర వేసేవాడికి ఎవరైనా చదివి వినిపించవలెనని చూసేవారికి కనీసం తోచవచ్చు. సంతకం చేసినవాడు చదువుకొనే చేసినాడని అందరూ అనుకొంటారు. 'కౌలు'కూ 'క్రయా'నికీ భేదం సంతకంలో లేదు, చదువులో ఉన్నది.

2011 లెక్కల నాటికి నెల్లూరు జిల్లా అక్షరాస్యత దాదాపు 69 శాతానికి వచ్చినది. ప్రపంచం మొత్తం మీద పదిహేనేండ్లు దాటినవారిలో సుమారు 74 కోట్ల మందికి ఇంకా చదువు రాదని 2024కు యునెస్కో వేసిన లెక్క. వారిలో మూడింట రెండు వంతులకు దగ్గరగా స్త్రీలు. ప్రతి సెప్టెంబరు 8న 1967 నుంచి అంతర్జాతీయ అక్షరాస్యతా దినం జరుగుతున్నది. మన దేశంలో 2022లో పెద్దల చదువుకు మరొక కొత్త పథకం మొదలైనది. దానికి 'ఉల్లాస్' అని పేరు పెట్టినారు. పేరు బాగున్నది. పుస్తకాలు కూడా ఉల్లాసంగానే వస్తే మంచిది.

చరవాణి వచ్చిన తరువాత అక్షరం అవసరం తీరిపోయినదని కొందరంటున్నారు. నోటితో చెబితే సందేశం పోతున్నది, చెవితో వింటే వస్తున్నది గదా అని వారి వాదం. మాట్లాడడమే వృత్తిగా గల నాకు ఈ వాదం నచ్చవలసినదే. కాని అవ్వ చేతిలోని చరవాణికి బ్యాంకు నుంచి వచ్చే సందేశం ఎట్లా వస్తున్నదో చూసినాను. ఇంగ్లీషు అక్షరాలలో! ఆమె అంత కష్టపడి నేర్చిన 'క'కు ఔత్వం అక్కడ లేదు. ఆమె ఒకసారి నిరక్షరాస్యురాలిగా పుట్టినది; తెలుగు నేర్చిన తరువాత మనం ఆమెను రెండవసారి నిరక్షరాస్యురాలిని చేసినాము. ఆ సందేశంలోని రహస్య అంకెలు చదివి చెప్పుమని ఎవరినో ఒకరిని ఆమె నమ్మవలసి ఉన్నది. సిరా దిండు పోయి ఈ అంకెలు వచ్చినవి, అంతే భేదం.

ఈ మాటలు రేడియోలో వింటున్నవారికి అక్షరం అక్కరలేదు. ఈ పత్రికలో చదువుతున్నవారికి అక్షరం ఉన్నది. ఈ రెండు రకాలవారూ తరచు ఒకే ఇంటిలో ఉంటారు. మీ వంటయింటిలో పని చేస్తూ మా పాటలు వినే మనిషి ఈ పత్రిక తెరిచి, ఆ పాట రేపు ఎన్ని గంటలకు వస్తుందో చూసుకొనగలదా? అడిగి చూడండి. చూసుకొనలేకపోతే, కార్యక్రమ పట్టిక కంటె మంచి మొదటి వాచకం నాకు కనిపించడం లేదు. అంకెలు ఉన్నవి, పేర్లు ఉన్నవి, రేపు నిజమో కాదో తేలిపోయే సంగతులు ఉన్నవి.

ఈ ప్రసంగం కోసం అవ్వ మాటలు రికార్డు చేయవలెనని ఇటీవల అల్లూరు వెళ్ళినాను. ఆమెకు డెబ్బై దాటినవి. మాట్లాడించడం అయిన తరువాత, మా కార్యాలయపు ఒప్పందపత్రం ఆమె ముందు పెట్టి, అలవాటు చొప్పున, సంతకం చేయవలసిన గీత మీద నా వ్రేలు ఆనించి, "ఇక్కడ, అవ్వా" అన్నాను.

అవ్వ నా వ్రేలు పక్కకు తోసినది. కళ్ళజోడు తుడుచుకొని, కాగితం పైభాగం నుంచి మొదలు పెట్టినది. మాతో వచ్చిన సాంకేతిక నిపుణుడు గడియారం చూసుకొంటున్నాడు. బండి బయట నిలిచి ఉన్నది. పావుగంట పట్టినది. నడుమ ఒక్కసారి ఆగి, "పారితోషికం అంటే ఏంది అబ్బయ్యా?" అని అడిగినది. చెప్పినాను. "ఎంతని ఇందులో రాయలేదే" అన్నది.

నిజమే, ఆ స్థలం ఖాళీగా ఉన్నది. నేను అంకె వేసినాను. అప్పుడు ఆమె సంతకం చేసినది.